భయము చెవిలో పుట్టును

ఈ కాలపు బాలబాలికలు సినిమాను చూచుటకు ముందు దాని ట్రైలరును చూచుచున్నారు. అనేకులు సినిమాను చూడకయే ట్రైలరుతో తృప్తి పొందుచున్నారు. అందులోను భయానక చిత్రముల ట్రైలర్లకు గల ఆకర్షణ మరి దేనికిని లేదు. రాత్రి భోజనమైన పిమ్మట ఫోను చేతబట్టుకొని, దుప్పటిలో ముఖము దాచుకొని, వద్దు వద్దనుచునే మరల మరల చూచు పిల్లలు లేని యిల్లు మన పేటలో అరుదు. దీనిని గూర్చి పెద్దలలోను పిన్నలలోను రెండు విధములైన అభిప్రాయము లున్నవి. దయ్యముల బొమ్మలతో బడికేమి పని యని తల్లిదండ్రులు కొందరు అడుగుచున్నారు. విద్యార్థులో, వార్షికోత్సవమునకు తామే యొక చిన్న భయానక ట్రైలరును తీసి చూపెదమని ఉత్సాహపడుచున్నారు. ఈ రెండు పక్షముల నడుమ మా అభిప్రాయమును దాపరికము లేకుండ చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

మేము చెప్పదలచిన దిది. ట్రైలరును నిషేధించుట వలన లాభము లేదు. అది యెట్లు పనిచేయునో నేర్పుట వలన లాభము కలదు. భయమును తయారుచేయు విధానము తెలిసిన పిల్లవాడు ఆ భయమునకు బానిస కాడు. అంతేకాదు, ఆ విధానమునకు మూలమైనది దయ్యపు వేషము కాదు, రక్తము కాదు. ఓపికతో కూడిన కూర్పు, శ్రద్ధతో కూడిన శబ్దము. ఈ రెండును మంచి చదువునకు తగినవే.

ట్రైలరను మాటకు వెంబడి వచ్చునదని అర్థము. తొలినాళ్లలో ఈ ప్రకటన ముక్కలను అసలు చిత్రము ముగిసిన పిమ్మట చూపెడివారు. అప్పటికి ప్రేక్షకులు లేచిపోవుచుండుట చేత వానిని ముందుకు తెచ్చిరి. పేరు మాత్రము అట్లే నిలిచినది. నేడు ట్రైలరునకు సామాన్యముగా రెండు నిమిషములు, లేదా రెండున్నర నిమిషముల కాలము లభించును. అంతలో కథ చెప్పుటకు వీలులేదు. కావున భయానక చిత్రపు ట్రైలరు చేయవలసిన పని యొక్కటే: ఏదో రానున్నదని నమ్మించుట, అది వచ్చుటకు ముందే ఆపివేయుట. దీనినే మనము ఉత్కంఠ యనుచున్నాము.

ఉత్కంఠకును ఉలికిపాటునకును గల భేదమును హిచ్‌కాక్ అను దర్శకుడు చక్కగా వివరించెను. 1962లో ఫ్రెంచి దర్శకుడు త్రూఫో ఆయనతో సుదీర్ఘముగా సంభాషించినప్పుడు ఈ ఉదాహరణము వచ్చినది. ఇద్దరు మనుష్యులు బల్ల దగ్గర కూర్చుండి ఏదో మాటలాడుచున్నారు. అకస్మాత్తుగా బల్ల క్రింది బాంబు ప్రేలినది. ప్రేక్షకుడు కొన్ని సెకనులు ఉలికిపడును, అంతటితో సరి. అట్లుగాక, బాంబు అక్కడ నున్నదనియు, ఫలానా గంటకు ప్రేలుననియు ప్రేక్షకునకు ముందే తెలిపినచో, ఆ పనికిమాలిన సంభాషణయే ప్రాణములమీదికి వచ్చును. లేచి పొండని కేక వేయవలెననిపించును. మొదటిది క్షణకాలపు దెబ్బ. రెండవది నిమిషముల తరబడి నిరీక్షణ. భయమునకు గల నిజమైన బలము ఈ నిరీక్షణలో నున్నది.

మరి ఈ నిరీక్షణను పుట్టించునది కన్నా, చెవియా? మన ప్రాచీనులు దీనిని ఎరుగుదురు. నాట్యశాస్త్రమున భరతముని ఎనిమిది రసములను చెప్పెను. అందు భయానక మొకటి. దానికి కారణములను లెక్కించునపుడు మొట్టమొదట చెప్పినది వికృతమైన ధ్వని. భూతముల దర్శనము దాని తరువాతనే. నక్కలు, గుడ్లగూబలు, పాడుబడిన యిల్లు, అడవి మొదలైనవి ఆ వెనుక వచ్చును. శబ్దగ్రహణ యంత్రములు లేని కాలమున చెప్పబడిన యీ వరుసలో ఎంత సత్యమున్నదో నేటి ట్రైలర్లను పరిశీలించినచో తెలియగలదు.

కన్ను ఎదుట నున్నదానిని మాత్రమే చూచును. చెవి వెనుక నున్నదానిని కూడ వినును. కన్నునకు రెప్ప కలదు. చెవికి రెప్ప లేదు. కన్ను చూచినదానికి ఆకారము, కొలత ఏర్పడును. విన్నదానికి ఆకారము లేదు; దానిని వినువాడే తన మనస్సులో కల్పించుకొనవలెను. ఎవరి దయ్యమును వారే తయారుచేసికొందురు గనుక, అది వారివారికి తగినంత భయంకరముగా నుండును. ఏ వేషధారియు అంతటి దయ్యమును చూపజాలడు.

1942లో విడుదలయైన ‘క్యాట్ పీపుల్’ అను అమెరికా చిత్రమున దీనికి ప్రసిద్ధమైన దృష్టాంతము కలదు. ఒక స్త్రీ రాత్రివేళ వీధిలో ఒంటరిగా నడచుచున్నది. ఆమె అడుగుల చప్పుడు వినవచ్చుచున్నది. వెనుక మరియొకరి అడుగుల చప్పుడును వినవచ్చుచున్నది. కొంతసేపటికి వెనుకటి చప్పుడు ఆగిపోయినది. ఇక్కడనే భయము పుట్టినది. చప్పుడు విన్నప్పటికంటె అది ఆగినప్పుడు ఆ స్త్రీ ఎక్కువ భయపడినది, ఆమెతోపాటు ప్రేక్షకులును భయపడిరి. ఆమె తొందరగా నడచును, వెనుదిరిగి చూచును, ఎవరును లేరు. అంతలో పులి గాండ్రించినట్లు చెవులు గింగురుమను మ్రోత! చూడగా అది ఆమె ఎదుట వచ్చి నిలిచిన బస్సు. దర్శకుడు జాక్ టూర్నర్, కూర్పరి మార్క్ రాబ్సన్, నిర్మాత వాల్ ల్యూటన్. ఇట్టి ఉపాయమును సినిమావారు నేటికిని ‘ల్యూటన్ బస్సు’ అనియే పిలుచుచున్నారు. ఆ బస్సు మ్రోత ఫలించుటకు కారణము దాని ముందున్న నిశ్శబ్దమని మరువరాదు. ఆ నిశ్శబ్దమును తీసివేసినచో మిగులునది బస్సు మాత్రమే.

నిశ్శబ్దపు విలువ మన యిండ్లలో కథ చెప్పు ముసలమ్మలకు బాగుగా తెలియును. ‘అప్పుడు తలుపు మెల్లగా తెరుచుకొన్నది’ అని చెప్పి, ఆమె ఒక్క క్షణమాగి, తమలపాకునకు సున్నము రాచికొనును. ఆ ఆగుటలోనే పిల్లలు ఒకరిమీద నొకరు పడుదురు. ఆమె కూర్పు నేర్చిన దెవరివద్ద? ట్రైలరు కూర్చువాడు యంత్రముతో చేయుచున్నది ఆమె తమలపాకుతో చేసినదే.

ఇక కూర్పును గూర్చి రెండు మాటలు. రెండు చిత్రఖండములను ప్రక్కప్రక్కన చేర్చినచో, రెంటియందును లేని మూడవ అర్థమొకటి పుట్టును. సుమారు 1920 ప్రాంతమున రష్యా దేశపు కులెషోవ్ దీనిని పరీక్షించి చూపెను. ఏ భావమును లేని ఒక నటుని ముఖమును ఒకమారు ఆహారపు పాత్రతోను, ఒకమారు శవపేటికతోను జతపరచగా, చూచినవారు ఆ ముఖమున ఆకలియు దుఃఖమును కనబడినవని మెచ్చుకొనిరట. ముఖము మారలేదు; ప్రక్కనున్నది మారినది. కావున మూసిన తలుపు చిత్రము వెంట ఉలికిపడిన పిల్లవాని ముఖమును చేర్చినంత మాత్రమున తలుపు వెనుక దయ్యము పుట్టును. దానికి మరి ఖర్చు లేదు.

ఖండముల నిడివి కూర్పునకు రెండవ ఆయుధము. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’ చిత్రపు ట్రైలరును ఈ కళకు పాఠ్యగ్రంథమని చెప్పవచ్చును. అందులో సంభాషణ లేదు. మొదట చీకటి, మెల్లగా కదలు దృశ్యములు, ఒక గ్రుడ్డు. ఆ గ్రుడ్డు బీటవారి లోపలినుండి వెలుగు వచ్చును. అక్కడనుండి ఖండములు అంతకంతకు చిన్నవగును. పరుగెత్తు మనుష్యులు, ఇరుకైన త్రోవలు, బెదరిన ముఖములు క్షణమాత్రము కనబడి మాయమగును. వాని క్రింద ప్రమాదఘంట వంటి కర్కశమైన రొద ఆగకుండ మ్రోగును. తుదకు, అంతరిక్షమున మన కేకను విను నాథుడు లేడను భావము గల ఒక్క వాక్యము తెరమీద కనబడును. ఆ జంతువు ఎట్లుండునో ట్రైలరు పూర్తిగా చూపలేదు. చూపనందుననే జనులు సినిమాకు పోయిరి.

అయితే వేగముగా కత్తిరించుటయే ఉత్కంఠకు మార్గమని విద్యార్థులు పొరపడరాదు. 1980లో స్టాన్లీ కుబ్రిక్ తీసిన ‘ది షైనింగ్’ చిత్రపు ప్రకటన ఖండమొకటి కలదు. అందు కత్తిరింపే లేదు. కదలని కెమెరా, మూసియున్న రెండు లిఫ్టు తలుపులు, ఎవరును లేని వసారా. పేర్లు మెల్లగా పైకి జరుగుచుండును. సంగీతము అంతకంతకు వికృతమగుచుండును. చూచువాడు ఆ తలుపులనే చూచుచు ఊపిరి బిగబట్టి యుండును. పేర్లు ముగిసిన పిమ్మట ఆ తలుపుల సందునుండి రక్తప్రవాహము వెలువడి కెమెరాను ముంచివేయును. ఒక్క ఖండముతో ఇంతపని జరిగినది. ఒక ట్రైలరు తొందరపెట్టి భయపెట్టినది, మరియొకటి ఆలస్యము చేసి భయపెట్టినది. రెంటికిని సామాన్యమైన ధర్మము నిరీక్షణయే.

దాచుట యను విద్యకు మరియొక ఉదాహరణము హిచ్‌కాక్ గారి 1960 నాటి ‘సైకో’ చిత్రపు ట్రైలరు. అది 6 నిమిషములకు పైగా నుండును. అందులో కథలోని దృశ్యములు దాదాపుగా లేవు. దర్శకుడే స్వయముగా వచ్చి, ఇల్లు చూపు గుమాస్తావలె, ఇక్కడ నొక ఘోరము జరిగినది, అక్కడ నొక ఘోరము జరిగినది యని గదులను చూపుచు, చెప్పబోయి ఆపుచు పోవును. చిట్టచివర స్నానపు గది తెర తొలగించగా ఒక కేక. అంతే. సగము వాక్యములతో నడచిన ట్రైలరది.

మన తెలుగు చిత్రములయందు రెండు మార్గములును ఉన్నవి. కన్నడసీమలో పుట్టి తెలుగు ప్రేక్షకుల హృదయములను చూరగొన్న విఠలాచార్య గారు దయ్యమును దాచలేదు; 1978 నాటి ‘జగన్మోహిని’లో దయ్యము పొయ్యిలో కట్టెలకు బదులు తన కాళ్లే పెట్టి వంట చేసినది. మన తల్లిదండ్రులు చూచి ఆశ్చర్యపడిరి, నవ్విరి, ఆనందించిరి. అదియొక వినోదము. 1992లో రామ్‌గోపాల్ వర్మ తీసిన ‘రాత్రి’ వేరొక మార్గము. అందు ఎవరో కనబడకుండ వెంబడించుచున్నట్లు కెమెరాయే ఇల్లంతయు తిరుగును. చూపిన దయ్యము ముచ్చట గొల్పును. చూపని దయ్యము నిద్ర చెరచును. ఏది కావలెనో ముందుగా నిర్ణయించుకొనుట తీయువాని బాధ్యత.

ఈ కాలపు ట్రైలర్లను గూర్చి మాకొక ఫిర్యాదు కలదు. అనేకములు ఈ ఓపికను విడిచిపెట్టినవి. ప్రతి పది సెకనులకు గుండెలదరునట్లు ఒక మ్రోత. మ్రోత మ్రోతకు ఒక వికృతమైన ముఖము. చిత్రమునందలి మంచి ఘట్టములన్నియు ట్రైలరులోనే ఖర్చయిపోవును. మ్రోత భయపెట్టుచున్నది గదా యని కొందరనవచ్చును. నిజమే. ప్రక్కన టపాకాయ పేలినను ఉలికిపడుదుము, దానిని కళయనము. దేహము ఉలికిపడుట వేరు, మనస్సు భయపడుట వేరు. మొదటిది రెండవ పర్యాయమునకు సగమగును, మూడవ పర్యాయమునకు నవ్వగును. 2018లో వచ్చిన ‘ఎ క్వయట్ ప్లేస్’ అను చిత్రమున శబ్దమును విని వేటాడు జంతువులు కలవు. అందుచేత మనుష్యులు మాటలాడక సైగలతో బ్రతుకుదురు. అట్టి చిత్రమునకు నేల మీద పడిన చిన్న వస్తువు చప్పుడే పిడుగు. బిగ్గరగా మ్రోగించుట కంటె, వినునట్లు చేయుట గొప్ప.

ఇక మన విద్యార్థులు చేయదగిన పని. సినిమా సెకనునకు 24 చిత్రముల చొప్పున నడచునని వారు భౌతికశాస్త్రపు తరగతిలో వినియుందురు. అరనిమిషపు ట్రైలరునకు 720 చిత్రములు. వానిని ఇట్లు పంచుకొనవచ్చును. మొదటి 15 సెకనులు ఒక్కటే ఖండము: సాయంకాలము, ఖాళీయైన బడి వసారా, దూరమున ఒక తలుపు. తరువాత రెండేసి సెకనుల ఖండములు 4. పిమ్మట అరసెకను ఖండములు 8. ఆపై 2 సెకనులు కటిక చీకటి, పూర్తి నిశ్శబ్దము. చివరి సెకను పేరు. మొత్తము 30 సెకనులు సరిపోవును. దయ్యము ఎక్కడను లేదు. దయ్యమునకు చీరయు సుద్దపొడియు అక్కరలేదు.

శబ్దములకు కూడ ఖర్చు లేదు. నూతి గిలక కిర్రుమనుట, రేకుల కప్పుమీద చినుకులు టపటపలాడుట, గచ్చునేల మీద చెప్పులు ఈడ్చుట, ఖాళీ గదిలో గొళ్లెము కదలుట, వీనిని ఫోనులో వేరువేరుగా పట్టుకొనవలెను. సినిమావారును ఇట్లే చేయుదురు. గుఱ్ఱపు డెక్కల చప్పుడునకు కొబ్బరిచిప్పలను కొట్టుట వారిలో పాతకాలపు వాడుక. ఇంకొక చిన్న రహస్యము: తలుపు కనబడుటకు ముందే తలుపు చప్పుడు వినబడవలెను. శబ్దము ముందు, చిత్రము వెనుక. ఆ నడుమ రెండు సెకనులలో చూచువాడు తనకు తానే భయపడును.

ఇక్కడనే మన భాషను గూర్చి చెప్పవలసి యున్నది. వీధిలో ఒడియా, బడిలో తెలుగు, తెరమీద హిందీయు ఇంగ్లీషును వినుచు పెరుగు మన పిల్లలు, పెద్ద పనులన్నియు పరభాషలలోనే జరుగునని తలంచి చిన్నబుచ్చుకొనుచున్నారు. మేము దీనికి సమ్మతింపము. పైన చెప్పిన ‘ఏలియన్’ ట్రైలరు మాటలు లేకుండనే దేశదేశములు తిరిగినది. ఉత్కంఠ ఏ భాషకును సొత్తు కాదు. కాని తీయుటకు ముందు తాను కోరిన శబ్దమేదో కాగితముమీద వ్రాసికొనవలెను గదా. అప్పుడు మన తెలుగు ఎంతటి ఆస్తియో తెలియగలదు. సద్దు, సవ్వడి, చప్పుడు, మ్రోత, రొద అన్నియు శబ్దములే. ఏదియు మరియొకటి కాదు. ఆకు గలగలలాడును, కొమ్మ ఫెళ్లున విరుగును, తలుపు కిర్రుమనును, రాయి దభీమని పడును, నీరు బుడుంగుమనును. వీని కన్నిటికిని మించినది ‘అలికిడి’. అలికిడి యనగా వట్టి చప్పుడు కాదు. అక్కడ ఎవరో ఉన్నారని తెలుపు చిన్న చప్పుడు. భయానక ట్రైలరునకు కావలసిన సర్వస్వమును ఆ ఒక్క మాటలో నున్నది. ఈ మాటలు ఇంటిలో పెద్దల నోట వినబడుచున్నవి; వ్రాయకున్నచో పిల్లల నోటినుండి జారిపోవును. ట్రైలరు కొరకైనను ఒక పుట శబ్దములను తెలుగులో వ్రాయు పిల్లవాడు భాషకు సేవచేసినవాడే.

తల్లిదండ్రులకు మా విన్నపము. మీ పిల్లవాడు ట్రైలరు చూచి భయపడినచో కసరవలదు. వానితో కూర్చుండి, మొదట శబ్దము తీసివేసి చూపుడు. భయము సగము పోవును. పిమ్మట తెరను బోర్లించి శబ్దము మాత్రమే వినిపింపుడు. పోయిన భయము ఎక్కడనుండి వచ్చెనో వాడే కనిపెట్టును. ఆనాటినుండి వాడు ట్రైలరును భయముతో గాక బుద్ధితో చూచును. పసిపిల్లలకు మాత్రము రాత్రివేళ ఇట్టివి చూపకుండుటయే మేలు.

విద్యార్థులకును ఒక హెచ్చరిక. భయమును పుట్టించుట యొక శక్తి. శక్తికి హద్దు కావలెను. బిచ్చగానిని, మతిచలించినవానిని, వితంతువును, అంగవైకల్యము గలవానిని దయ్యముగా చూపవలదు. మరియొక భాష మాటలాడు పొరుగువానిని చూపుట అంతకంటె తగదు. పొరుగువారు మనలను పరాయివారుగా చూచినపుడు కలుగు బాధ మనకు తెలియనిది కాదు. తెలియని మనుష్యునియెడ భయమును పెంచు కథ ఎంత నేర్పుతో తీసినను చెడ్డ కథయే. తలుపు, చీకటి, అలికిడి ఇవి చాలును. ఇవి ఎవరిని నొప్పింపవు.

కావున వార్షికోత్సవమున విద్యార్థుల ట్రైలరునకు అరనిమిషము చోటిండని పెద్దలను కోరుచున్నాము. అందు దయ్యము కనబడకున్నచో విద్యార్థులు పాఠము నేర్చినట్లు. సభలో నొక్కరైనను వెనుదిరిగి తలుపు వంక చూచినచో ఆ పాఠము ఫలించినట్లు.